అస్థి అతివృద్ధి

ఎముక ఉండవలసిన దానికంటే మందంగానో, సాంద్రంగానో పెరగడాన్ని, లేదా ఎముక ఉండకూడని చోట ఎముక ఏర్పడడాన్ని అస్థి అతివృద్ధి అంటారు. ఆధునిక వైద్యంలో దీని పేరు హైపరోస్టోసిస్. ఇది ఒక రోగం పేరు కాదు. అనేక రోగాలలో కనిపించే నిర్మాణ మార్పుకు పెట్టిన పేరు. వార్ధక్యం, గ్రంథుల వికారాలు, వంశపారంపర్య లోపాలు, కొన్ని విష పదార్థాలు దీనికి కారణం కావచ్చు. తెలుగు ప్రాంతాలలో సమూహాలకు సమూహాలను పట్టి పీడించిన అస్థి అతివృద్ధికి కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్. తెలంగాణ దక్షిణ పీఠభూమిలోని పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రానైట్ నేలలు ఈ సమస్యకు ప్రసిద్ధి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే అస్థి అతివృద్ధిని అస్థి ఫ్లోరోసిస్ అంటారు. నల్లగొండ పల్లెల్లో దీనిని ఫ్లోరైడ్ రోగం, ఫ్లోరిన్ జబ్బు అని పిలుస్తారు.

నిర్వచనం

శరీరంలో ఏదైనా ధాతువు లేదా అవయవం సహజ ప్రమాణాన్ని మించి పెరిగితే దానిని స్థూలంగా అతివృద్ధి అంటారు. వైద్యశాస్త్రం ఇందులో మూడు భేదాలను గుర్తిస్తుంది.

కణాల సంఖ్య మారకుండా ఒక్కొక్క కణం పెద్దదై అవయవం పెరిగితే అది హైపర్‌ట్రోఫీ. వ్యాయామంతో బలిసే కండరం, అధిక రక్తపోటు వల్ల గోడలు మందమెక్కిన గుండె దీనికి ఉదాహరణలు. కణాల సంఖ్య పెరగడం వల్ల అవయవం పెరిగితే అది హైపర్‌ప్లేసియా. అయొడిన్ లోపం వల్ల వచ్చే గొంతువాపు, వృద్ధులలో ప్రొస్టేట్ గ్రంథి పెరగడం ఈ కోవలోకి వస్తాయి. గర్భాశయం గర్భధారణ సమయంలో ఈ రెండు విధాలుగానూ పెరుగుతుంది. ఈ రెండింటిలోనూ ప్రేరణ ఆగిపోతే పెరుగుదల సాధారణంగా ఆగుతుంది. ప్రేరణతో నిమిత్తం లేకుండా, అదుపు తప్పి సాగే పెరుగుదల నియోప్లేసియా, అంటే కంతి.

ఎముక విషయంలో ఈ విభజన నేరుగా వర్తించదు. ఎముక బరువులో అధిక భాగం కణాలు కావు. కణాలు స్రవించిన మాంసకృత్తుల అల్లిక, దానిలో పేరుకున్న కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు. అందువల్ల ఎముక పెరుగుదలను కణాల లెక్కతో కాక, ఏర్పడిన ఎముక పరిమాణంతో, సాంద్రతతో, స్థానంతో కొలుస్తారు.

పద వ్యుత్పత్తి

గ్రీకు మూలం. హైపరోస్టోసిస్ అన్న పదంలో మూడు గ్రీకు భాగాలున్నాయి. హైపర్ అంటే మించినది, ఆస్టియాన్ అంటే ఎముక, ఓసిస్ అన్న ప్రత్యయం స్థితిని సూచిస్తుంది. హైపర్‌ట్రోఫీలోని ట్రోఫే అన్న పదానికి పోషణ అని అర్థం. పోషణ ఎక్కువైనందువల్ల అవయవం పెరుగుతుందన్న పాత భావన ఆ పేరులో నిలిచి ఉంది. హైపర్‌ప్లేసియాలోని ప్లాసిస్ అంటే రూపొందించడం. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ ఫిర్కో (1821–1902) 1858లో వెలువరించిన కణ రోగనిదాన గ్రంథంలో కణం పెద్దది కావడానికి, కణాల సంఖ్య పెరగడానికి మధ్య తేడాను స్పష్టం చేశాడు. అప్పటి నుంచి ఈ రెండు పదాలూ వేర్వేరు అర్థాలలో స్థిరపడ్డాయి.

సమీప పదాలు. ఎముక ఉపరితలం నుంచి బయటికి పొడుచుకు వచ్చిన పెరుగుదల ఎక్సోస్టోసిస్. ఎక్స్ అంటే వెలుపల. కీళ్ల అంచుల్లో మొలిచే ముల్లు వంటి ఎముక ఆస్టియోఫైట్. ఫైటాన్ అంటే మొక్క. ఎముక లోపలి భాగం గట్టిపడి సాంద్రత పెరగడం ఆస్టియోస్క్లెరోసిస్. స్క్లెరోస్ అంటే కఠినమైనది. అస్థి ఫ్లోరోసిస్ ముదిరిన రోగిలో ఈ మార్పులన్నీ ఒకేచోట కనిపించవచ్చు.

ఆయుర్వేద పరిభాష. భారతీయ వైద్యంలో ధాతువు ప్రమాణం తగ్గితే క్షయం, పెరిగితే వృద్ధి. సుశ్రుత సంహిత సూత్రస్థానం 15వ అధ్యాయం ఏడు ధాతువుల క్షయ, వృద్ధి లక్షణాలను వరుసగా చెబుతుంది. అందులో అస్థి వృద్ధికి రెండు గుర్తులు ఇచ్చారు: అధ్యస్థి, అంటే ఎముకపై ఎముక పెరగడం, అధిదంతం, అంటే అదనపు పన్ను రావడం. ఎముకను, పంటిని ఒకే ధాతువు కింద చూసే ఈ పద్ధతి గమనించదగినది. ఫ్లోరైడ్ ప్రధానంగా పేరుకునేది కూడా ఈ రెండింటిలోనే. అయితే సుశ్రుత సంహితలోని వర్ణన ఫ్లోరోసిస్‌ను ఉద్దేశించినదని చెప్పడానికి ఆధారం లేదు.

తెలుగు వాడుక. వైద్య రచనల్లో హైపర్‌ట్రోఫీకి అతివృద్ధి అన్న సంస్కృత సమాసం వాడుకలో ఉంది. జనం మాత్రం రోగాన్ని దాని ఫలితాలతో గుర్తిస్తారు. గారపళ్లు, వంకర కాళ్లు, గూని అన్నవి ఫ్లోరోసిస్ పీడిత గ్రామాల్లో నిత్యం వినిపించే మాటలు.

రకాలు

అస్థి అతివృద్ధిని వ్యాప్తిని బట్టి స్థానికం, సార్వదైహికం అని, కారణాన్ని బట్టి అనేక ఉపభేదాలుగా విభజిస్తారు.

కపాల అంతర అతివృద్ధి. నుదుటి ఎముక లోపలి పొర మందమెక్కడం. ఎక్కువగా నడివయసు దాటిన స్త్రీలలో కనిపిస్తుంది. ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు మోర్గాన్యీ 18వ శతాబ్దిలో దీనిని వర్ణించాడు.

వ్యాపక కశేరు అతివృద్ధి. వెన్నెముక వెంబడి ఉండే స్నాయువులు ఎముకగా మారడం. ఫ్రెంచి వైద్యుడు ఫొరెస్టియే 1950లో వర్ణించినందున ఆయన పేరుతోనూ పిలుస్తారు. వృద్ధులలో, మధుమేహ రోగులలో ఎక్కువ.

పాజెట్ వ్యాధి. ఎముక అరుగుదల, పునర్నిర్మాణం రెండూ క్రమం తప్పి ఎముకలు లావై వంగిపోవడం. జేమ్స్ పాజెట్ 1877లో దీనిని ప్రకటించాడు.

ఏక్రోమెగలీ. పీయూష గ్రంథి నుంచి పెరుగుదల హార్మోను అధికంగా స్రవించడం వల్ల చేతులు, పాదాలు, దవడ పెద్దవి కావడం. పియర్ మారీ 1886లో ఈ పేరు పెట్టాడు.

రంధ్రయుత అతివృద్ధి. తలసీమియా వంటి రక్తహీనతలలో మజ్జ విస్తరించి కపాలం మందమెక్కడం. ప్రాచీన అస్థిపంజరాల అధ్యయనంలో దీనికి ప్రాధాన్యం ఉంది.

ఫ్లోరైడ్ జన్య అతివృద్ధి. దీర్ఘకాలం అధిక ఫ్లోరైడ్ తీసుకోవడం వల్ల కలిగేది. పై రకాలు విడివిడి వ్యక్తులకు వస్తాయి. ఇది మాత్రం ఒకే నీటిని తాగే ఊరు మొత్తానికి వస్తుంది. ఈ వ్యాసం ఇకపై దీనినే వివరిస్తుంది.

అధ్యయన చరిత్ర

ప్రపంచంలో. ఫ్లోరైడ్ ప్రభావం మొదట పళ్లలో గుర్తింపు పొందింది. అమెరికాలోని కొలరాడోలో దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే 20వ శతాబ్ది ఆరంభంలో స్థానికుల పళ్లపై గోధుమరంగు మరకలను గమనించాడు. వాటికి నీటిలోని ఫ్లోరైడ్ కారణమని 1931లో రసాయనశాస్త్రజ్ఞుడు హెచ్. వి. చర్చిల్ తేల్చాడు. ఎముకలపై ప్రభావం డెన్మార్క్‌లో బయటపడింది. క్రయొలైట్ ఖనిజాన్ని పొడిచేసే కర్మాగార కార్మికుల ఎముకలు అసాధారణంగా గట్టిపడ్డాయని 1932లో మోలర్, గుడ్‌యాన్సన్ ప్రకటించారు. అదే కార్మికులను పరిశీలించిన కాయ్ రోహోల్మ్ 1937లో ఫ్లోరిన్ విషప్రభావంపై సమగ్ర గ్రంథం వెలువరించాడు.

మద్రాసు ప్రెసిడెన్సీలో. రోహోల్మ్ గ్రంథం వెలువడిన 1937లోనే షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై భారత వైద్య పరిశోధన పత్రికలో వ్యాసం ప్రచురించారు. నీటి ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు వికృతమవుతాయని భారతదేశం నుంచి వెలువడిన తొలి ప్రామాణిక నివేదిక ఇదే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. ఆ విధంగా అస్థి ఫ్లోరోసిస్ విజ్ఞాన చరిత్రలో తెలుగు నేల ఆరంభం నుంచే ఉంది.

నల్లగొండలో. నిజాం రాష్ట్రంలో పశువులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను 1930లలోనే గుర్తించారు. మనుషులలోని వ్యాధిపై ఎ. హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. హైదరాబాద్ దక్కన్‌లోని నల్లగొండ జిల్లా అన్న పేరు దానితో అంతర్జాతీయ వైద్య సాహిత్యంలో చేరింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాలలో కనిపిస్తున్న కొత్త వైకల్యం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు (చూ. నల్లగొండ వంకరకాళ్లు). ఫ్లోరోసిస్ వల్ల వెన్నుపాముపై పడే ఒత్తిడిని హైదరాబాద్‌కు చెందిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. పంజాబ్‌లో అమర్‌జీత్ సింగ్, జాలీ బృందం 1960లలో చేసిన పరిశోధనలు వీటికి సమాంతరమైనవి.

భౌగోళిక నేపథ్యం

నేల. పూర్వపు నల్లగొండ జిల్లా 2016 అక్టోబరు 11న నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. అదే రోజున పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు, 2019లో నారాయణపేట జిల్లా విడివడ్డాయి. ఈ ప్రాంతంలో అధిక భాగం ప్రాచీన గ్రానైట్, నైస్ శిలల మీద ఉంది. నల్లగొండ గ్రానైట్లలో కిలోకు 325 నుంచి 3,200 మిల్లీగ్రాముల వరకు, సగటున 1,440 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ ఉన్నట్లు పరిశోధకులు లెక్కగట్టారు. ఇది ప్రపంచంలోని గ్రానైట్ల సగటు కంటే చాలా ఎక్కువ. ఫ్లోరైట్, బయొటైట్, హార్న్‌బ్లెండ్, ఎపటైట్ అనే ఖనిజాలు దీనికి ఆధారం.

నీరు. శిలలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీటిలోకి అంతా రాదు. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి అవక్షేపంగా దిగిపోతుంది. ఈ ప్రాంతపు భూగర్భజలంలో బైకార్బొనేట్, సోడియం ఎక్కువ. కాల్షియం సున్నపురాయి రూపంలో నేలలోనే మిగిలిపోతుంది. దానితో ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచేది ఉండదు. వర్షపాతం ఏడాదికి సుమారు 600–750 మిల్లీమీటర్లు. ఎండ తీవ్రత వల్ల నీరు ఆవిరై లవణాల గాఢత పెరుగుతుంది. రాతి పగుళ్లలో నీరు ఎక్కువకాలం నిలిచి ఉండడం మరొక కారణం.

బావి నుంచి బోరుకు. పూర్వం ఊళ్లలో చేదబావులు, చెరువు దిగువ దిగుడుబావులు తాగునీటికి ఆధారం. వాటిలో ఏటా కొత్త వాననీరు చేరేది. తర్వాత చేతి పంపులు, ఈ ప్రాంతపు వాడుకలో బోరింగులు, వ్యాపించాయి. సాగుకు లోతైన బోర్లు వేయడంతో భూగర్భజల మట్టం పడిపోయింది. రోగక్రిములు లేని నీటి కోసం వేసిన బోర్లే ఎన్నో చోట్ల రాతిలో చిరకాలం నిలిచిన ఫ్లోరైడ్ నీటిని పైకి తెచ్చాయి.

పీడిత ప్రాంతాలు. మర్రిగూడ, చింతపల్లి, నాంపల్లి, మునుగోడు, చండూరు, నారాయణపూర్, చౌటుప్పల్ మండలాలు ఫ్లోరోసిస్‌కు పేరుపడ్డాయి. నారాయణపూర్ వైపున్న వాయిళ్లపల్లి పరీవాహక ప్రాంతంలో భూగర్భజలంలో లీటరుకు 7.6 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్ నమోదైంది. మర్రిగూడ, చింతపల్లి మండలాలకు పడమరగా పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా తూర్పు భాగంలోనూ ఇదే గ్రానైట్ నేల కొనసాగుతుంది.

ప్రమాణాలు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములను ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుగా సూచిస్తుంది. భారత ప్రమాణాల సంస్థ 1 మిల్లీగ్రామును వాంఛనీయ పరిమితిగా, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. అయితే శరీరంలోకి చేరేది నీటి గాఢత మీదే కాదు, తాగే పరిమాణం మీద కూడా ఆధారపడుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని ఎండలో పనిచేసే కూలీ రోజుకు 5 లీటర్లు తాగితే 15 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ లోపలికి పోతుంది. రోజుకు 14 మిల్లీగ్రాములు చేరితే ఎముకలకు హాని స్పష్టమని, 6 మిల్లీగ్రాములు దాటినప్పటి నుంచే ముప్పు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

దేహంలో జరిగే మార్పు

తాగిన ఫ్లోరైడ్ జీర్ణకోశం నుంచి వేగంగా రక్తంలో కలుస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దలలో సుమారు సగం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, మిగిలినది ఎముకలలో చేరుతుంది. ఎదిగే పిల్లలలో నిలిచిపోయే వాటా ఇంకా ఎక్కువ. శరీరంలో ఉన్న ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో నిల్వ మరింత పెరుగుతుంది.

ఎముకలో ప్రధాన లవణం హైడ్రాక్సీఎపటైట్. దానిలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమించగా ఫ్లోరోఎపటైట్ ఏర్పడుతుంది. ఇది తేలికగా కరగదు. పాత ఎముకను తొలిచే కణాలకు అది లొంగదు. మరోవైపు ఫ్లోరైడ్ ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలను ప్రేరేపిస్తుంది. తొలగడం తగ్గి, కట్టడం పెరగడంతో ఎముక మందమెక్కుతుంది. కానీ ఈ కొత్త ఎముకలోని పోగులు సహజమైన పొరల వరుసలో ఉండవు. చిక్కుపడిన అల్లికగా ఉంటాయి, ఖనిజం సరిగా చేరదు. అందువల్ల ఎముక పరిమాణం పెరిగినా బలం పెరగదు.

ఈ విషయాన్ని వేరొక సందర్భం నిరూపించింది. ఎముకలు గుల్లబారే వ్యాధికి సోడియం ఫ్లోరైడ్‌ను మందుగా వాడిన రోజులున్నాయి. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం ప్రకటించిన పరీక్షలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసల విరుగుళ్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, ఇతర ఎముకల విరుగుళ్లు పెరిగాయి. ఆ తర్వాత ఆ చికిత్సకు ఆదరణ పోయింది.

ఎముకలకు అతుక్కునే స్నాయువులు, కండర బంధాలు కూడా ఖనిజమై ఎముకగా మారతాయి. ఆహారంలో కాల్షియం తక్కువైతే రక్తంలో కాల్షియం నిలిపేందుకు పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేస్తాయి. అప్పుడు ఒకే మనిషి ఎముకల్లో కొన్నిచోట్ల గట్టిపడడం, కొన్నిచోట్ల గుల్లబారడం, కొన్నిచోట్ల మెత్తబడి వంగడం కలిసి కనిపిస్తాయి.

లక్షణాలు, దశలు

దంత ఫ్లోరోసిస్. పళ్లు రూపొందే బాల్యంలో అధిక ఫ్లోరైడ్ చేరితే పింగాణి పొరలో సుద్ద వంటి తెల్లని చారలు, తర్వాత గోధుమరంగు మరకలు, గుంటలు ఏర్పడతాయి. వీటినే గారపళ్లు అంటారు. పళ్లు వచ్చేశాక ఊరికి చేరినవారికి ఇవి రావు. కాబట్టి ఒక తరం పిల్లల పళ్లు ఆ ఊరి నీటి చరిత్రకు సాక్ష్యంగా పనికివస్తాయి.

అస్థి ఫ్లోరోసిస్. మొదటి దశలో కీళ్లలో, నడుములో నొప్పి, ఉదయం బిగుసుకుపోవడం ఉంటాయి. ఎక్స్‌రేలో వెన్ను, కటి ఎముకల సాంద్రత కాస్త పెరిగి కనిపిస్తుంది. రెండో దశలో నొప్పి ఎడతెగదు, స్నాయువులు గట్టిపడతాయి. మూడో దశలో మెడ, వెన్ను ఒకే కడ్డీలా బిగుస్తాయి. మనిషి ముందుకు వంగిపోతాడు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. మోకాళ్లు, తుంటి ముడుచుకుంటాయి. ఎముక బూడిదలో ఫ్లోరైడ్ సాధారణంగా కిలోకు 500–1,000 మిల్లీగ్రాములు ఉండగా, ఈ దశలో 8,400 మిల్లీగ్రాములు దాటుతుంది.

నాడీ సమస్యలు. వెన్నుపూసలు లోపలికి కూడా పెరగడం వల్ల వెన్నుపాము సాగే దారి ఇరుకవుతుంది. వెన్నుపాము, నాడీమూలాలు నలిగి కాళ్లు, ఆ తర్వాత చేతులు చచ్చుబడవచ్చు. ఎముక అతివృద్ధి ప్రాణాంతక వైకల్యంగా మారేది ఇక్కడే.

నల్లగొండ వంకరకాళ్లు. మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ పాదాలు దూరంగా ఉండే ఈ వైకల్యాన్ని జెను వాల్గం అంటారు. 1970ల ఆరంభంలో ఫ్లోరోసిస్ ప్రాంతాలలో, ముఖ్యంగా కౌమారంలోని బాలురలో దీనిని గుర్తించారు. వీరిలో వెన్నెముక గట్టిపడినా, కాళ్ల ఎముకలు గుల్లబారి ఉండేవి. నాగార్జునసాగర్ జలాశయం కట్టిన తర్వాత ఊటనీటితో నేలలో క్షారత పెరిగి, జొన్నలో మాలిబ్డినం ఎక్కువై, దాని వల్ల శరీరం రాగిని కోల్పోతుందని, జొన్న ప్రధానాహారమైన పేద కుటుంబాలలో ఫ్లోరైడ్ ప్రభావం ఈ రూపం దాల్చిందని పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. కాల్షియం లోపాన్ని ప్రధాన కారణంగా భావించే పరిశోధకులూ ఉన్నారు.

పశువులలో. ఎద్దులు, గేదెలు ఇవే నీళ్లు తాగడం వల్ల వాటి పళ్లు త్వరగా అరిగి, మేత నమలలేక చిక్కిపోతాయి. కాళ్ల ఎముకలపై బొడిపెలు లేచి కుంటుతాయి.

నిర్ధారణ

రోగి నివసించిన ఊరు, తాగిన నీరు, పళ్ల స్థితి తొలి ఆధారాలు. నీటిలోనూ మూత్రంలోనూ ఫ్లోరైడ్‌ను అయాన్ ఎలక్ట్రోడ్ పరికరంతో కొలుస్తారు. ఎక్స్‌రేలో ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పొర ఎముకగా మారి కనిపిస్తే అది ఫ్లోరోసిస్‌కు బలమైన గుర్తు. ప్రొస్టేట్ కేన్సర్ ఎముకలకు పాకడం, మూత్రపిండ వ్యాధి వల్ల వచ్చే అస్థి వికారాలు, ఫొరెస్టియే వ్యాధి, పుట్టుకతో ఎముకలు రాయిలా గట్టిపడే ఆస్టియోపెట్రోసిస్ వంటి వాటితో దీనిని పొరబడే అవకాశం ఉంది. తొలి దశ నొప్పులను కీళ్లవాతంగా భావించి ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు వాడినవారు పీడిత గ్రామాల్లో ఉంటారు.

చికిత్స, ఆహారం

ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను పూర్తిగా తీసివేసే మందు లేదు. నీరు మారిస్తే ఎముక సహజంగా కరిగి తిరిగి కట్టుకునే క్రమంలో ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. దీనికి ఏళ్లు పడుతుంది. వెన్నుపాముపై ఒత్తిడి తగ్గించడానికి, వంకరకాళ్లను సరిచేయడానికి శస్త్రచికిత్సలు చేస్తారు. మందమైన, పెళుసైన ఎముక వల్ల ఇవి కష్టసాధ్యం.

పాలు, ఆకుకూరలు, రాగులు వంటి కాల్షియం గల ఆహారం జీర్ణకోశంలో ఫ్లోరైడ్ ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. విటమిన్ సి, విటమిన్ డి కూడా మేలు చేస్తాయని భావిస్తారు. తేయాకులో ఫ్లోరైడ్ ఎక్కువ కనుక పాలు లేని చిక్కని టీ తగ్గించమని సూచిస్తారు. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన అర్జున్ ఖందారే బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో చింతపండు తీసుకున్న బాలుర మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగినట్లు తేలింది. చింతపులుసు నిత్యాహారమైన ప్రాంతంలో ఈ ఫలితం ఆసక్తి రేకెత్తించింది. అయితే ఆహారం సహాయకం మాత్రమే, మంచినీటికి ప్రత్యామ్నాయం కాదు.

నివారణ

నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 1970లలో రూపొందించిన ఈ ప్రక్రియకు జిల్లా పేరే పెట్టారు. నీటికి తగిన మోతాదులో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి బాగా కలియబెడతారు. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తరకలు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతాయి. సున్నం ఆమ్లతను సరిచేస్తుంది, బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది. తేరిన నీటిని పైనుంచి తీసుకుంటారు. ఇంట్లో బకెట్లతోనూ, ఊరికి ట్యాంకులతోనూ చేయవచ్చు. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియాలలో కూడా దీనిని వాడారు. ఖర్చు తక్కువ కావడం, సామగ్రి అంతటా దొరకడం దీని బలాలు. నీటి క్షారతను బట్టి పటిక మోతాదు మార్చవలసి రావడం, అడుగు మడ్డిని పారవేయడం, శుద్ధి తర్వాత కొంత అల్యూమినియం, సల్ఫేట్ మిగలడం, రోజూ చేయవలసిన శ్రమ దీని పరిమితులు.

ఇతర శుద్ధి పద్ధతులు. ఉత్తేజిత అల్యూమినా, ఎముక బొగ్గు ఫ్లోరైడ్‌ను పీల్చుకుంటాయి. రివర్స్ ఆస్మోసిస్ యంత్రాలు పొర గుండా నీటిని తోసి లవణాలను వేరుచేస్తాయి. ఇటీవలి కాలంలో పల్లెల్లో వాటర్ ప్లాంట్ల నుంచి క్యాన్లలో అమ్మే నీరు ఇలాంటిదే. ఇందులో కొంత నీరు లవణాలతో వ్యర్థంగా పోతుంది, ఉపయోగకరమైన కాల్షియం కూడా తగ్గుతుంది.

నదీజలం. శాశ్వత పరిష్కారంగా భూగర్భజలాన్ని మాని ఉపరితల జలాన్ని అందించడం వైపు విధానం మళ్లింది. నాగార్జునసాగర్ జలాశయం ఎగువన పుట్టంగండి వద్ద కృష్ణా నీటిని ఎత్తి అక్కంపల్లి జలాశయంలో నింపుతారు. అక్కడి నుంచి హైదరాబాద్‌కు, నల్లగొండ జిల్లా గ్రామాలకు తాగునీరు వెళుతుంది. మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకాన్ని నిర్మించింది. తెలంగాణ ఏర్పడిన తర్వాత ఇంటింటికీ నల్లా నీరు అన్న లక్ష్యంతో మిషన్ భగీరథ మొదలైంది. దాని పైలాన్‌ను 2015 జూన్ 8న ఫ్లోరోసిస్ పీడిత చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ప్రాంతానికి శ్రీశైలం జలాశయం నుంచి ఎల్లూరు వద్ద నీరు తీసుకుంటారు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం తెలంగాణలో 2015లో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 2020 ఆగస్టు నాటికి సున్నాకు చేరాయి. ఈ లెక్క సురక్షిత నీరు అందే ఆవాసాలకు సంబంధించినది. అంతకుముందే వ్యాధి బారిన పడినవారి వైకల్యం దానితో తొలగదు.

జాతీయ కార్యక్రమం. ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమం 2008–09లో ఐదు జిల్లాలతో ప్రారంభమైంది. తొలి ఐదింటిలో నెల్లూరు ఒకటి. తర్వాత ఇతర జిల్లాలకు విస్తరించింది.

సామాజిక, రాజకీయ ప్రాధాన్యం

అస్థి ఫ్లోరోసిస్ పనిచేసే వయసులోని వారిని వైకల్యం పాలుచేస్తుంది. రెక్కల కష్టంపై బతికే కుటుంబాల్లో సంపాదన ఆగి, సంరక్షణ భారం పెరుగుతుంది. గారపళ్లు, వంకరకాళ్లు పెళ్లి సంబంధాలకు ఆటంకంగా మారాయి. నీరు కొనగలిగినవారు, కొనలేనివారు అన్న తేడా రోగ తీవ్రతలోనూ ప్రతిఫలించింది.

ఈ సమస్య చుట్టూ ఉద్యమాలు వచ్చాయి. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి కృష్ణా జలాల కోసం పోరాడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సమస్యను దేశం దృష్టికి తేవడానికి వందలాది మంది నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావడంతో అక్కడ పోలింగు వాయిదా పడింది. తర్వాత జరిగిన ఎన్నికలో భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఫ్లోరోసిస్ విముక్తి పోరాట సమితి బాధితుల పునరావాసం కోసం పనిచేసింది. 2022 నవంబరులో జరిగిన మునుగోడు ఉప ఎన్నికలోనూ ఫ్లోరైడ్ ప్రచారాంశమైంది.

సాగునీటి పథకాలు కూడా ఈ సమస్యతో ముడిపడ్డాయి. శ్రీశైలం జలాశయం నుంచి సుమారు 44 కిలోమీటర్ల సొరంగం ద్వారా నల్లగొండకు నీరు తేవలసిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ పథకం ఏళ్ల తరబడి సాగుతోంది. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం కూలి 8 మంది కార్మికులు చిక్కుకుపోయారు. కాలువ నీరు చెరువులను నింపి భూగర్భజలాన్ని పలచన చేస్తే ఫ్లోరైడ్ గాఢత తగ్గుతుందన్నది ఈ పథకాల వెనుక ఉన్న ఒక వాదన. సాగు నీటి ఊటతో నేల క్షారత పెరిగే ప్రమాదాన్ని నాగార్జునసాగర్ అనుభవం గుర్తుచేస్తుంది. అందువల్ల తాగునీటి సరఫరాను, సాగునీటి పారుదలను వేర్వేరుగా అంచనా వేయవలసి ఉంటుంది.

వైద్యపరంగా అస్థి అతివృద్ధి అన్న పేరు ఎముకలో జరిగిన మార్పును చెబుతుంది, కారణాన్ని చెప్పదు. ఫ్లోరోసిస్ విషయంలో కారణం శరీరానికి వెలుపల, నీటిలో ఉంది. అందుకే దీని నివారణ ఆసుపత్రి కంటే ముందు నీటి సరఫరా వ్యవస్థ బాధ్యత. పైపు నీరు ఆగిన రోజున జనం తిరిగి బోరు వైపు వెళ్లకుండా సరఫరా నిలకడగా ఉండడం, బోరు నీటిని ఎప్పటికప్పుడు పరీక్షించి హానికరమైన వాటిపై గుర్తు వేయడం, బడి పిల్లల పళ్లను క్రమంగా పరీక్షించడం ఈ నివారణలో భాగాలు.

ఇవి కూడా చూడండి

అతివృద్ధి, అస్థి ధాతువు, గ్రానైట్ శిలలు, జాతీయ పోషకాహార సంస్థ, దంత ఫ్లోరోసిస్, నల్లగొండ జిల్లా, నల్లగొండ పద్ధతి, నాగార్జునసాగర్, పాజెట్ వ్యాధి, ప్రకాశం జిల్లా, ఫ్లోరిన్, భూగర్భజలం, మహబూబ్‌నగర్ జిల్లా, మిషన్ భగీరథ, శ్రీశైలం ఎడమగట్టు కాలువ, సుశ్రుత సంహిత.